ఊరి భద్రత ఎవరి పని? ఒంటారియో పురపాలక సంఘాల అనుభవం నుంచి ఒక పాఠం



మన ఊళ్ళలో భద్రత అనగానే పోలీస్ స్టేషన్ గుర్తుకొస్తుంది. సంక్షేమం అనగానే పింఛను, రేషన్ కార్డు గుర్తుకొస్తాయి. రెండింటికీ వేర్వేరు ఆఫీసులు, వేర్వేరు ఫైళ్ళు. ఒక బస్తీలో ఒక ఇల్లు అనుకోండి. ఆ ఇంటాయన రాత్రిళ్ళు తాగొచ్చి గొడవ చేస్తాడని ఠాణాకు తెలుసు. పిల్లవాడు పదిహేను రోజులుగా బడికి రావడం లేదని హెడ్మాస్టరుకు తెలుసు. తల్లి నిద్రమాత్రలు అడుగుతోందని ఆసుపత్రి నర్సుకు తెలుసు. మూడు నెలల అద్దె బాకీ సంగతి ఇంటి ఓనరుకు తెలుసు. నలుగురికీ తెలిసిన ఈ విషయాలు ఒక్కచోటికి చేరవు. చివరికి ఒక రోజు ఆ ఇల్లు జిల్లా పేజీలో వార్తవుతుంది. అప్పుడు మనం చందాలు పోగుచేసి ఆసుపత్రి బిల్లు కడతాం, లేదా కఫన్ ఖర్చు చూస్తాం. దాతల డబ్బు చాలా భాగం ఇలా అంతా అయిపోయాకే అందుతుంది. ఇది దాతల తప్పు కాదు. మన దగ్గరికి కబురు వచ్చేదే అప్పుడు.

నలుగురికీ తెలిసింది ముందుగా ఒకచోటికి చేర్చే పనిని కెనడాలోని ఒంటారియో రాష్ట్రం పురపాలక సంఘాలకు చట్టం ద్వారా అప్పగించింది. ఆ ప్రయత్నం ఎలా నడిచింది, ఎక్కడ పనిచేసింది, ఎక్కడ తడబడింది అన్నది ఈ వ్యాసంలో చూద్దాం. బ్రాంప్టన్, మిస్సిసాగాల్లో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి ఆ ఊళ్ళు మనకు మరీ పరాయివి కావు.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. మన దేశంలో పోలీసు శాఖ రాష్ట్ర ప్రభుత్వానిది. మునిసిపల్ ఛైర్మన్‌కు సీఐ మీద అధికారం లేదు, సీఐ జీతం మునిసిపల్ బడ్జెట్లో ఉండదు. ఒంటారియోలో స్థానిక పోలీసు ఖర్చును భరించేది ప్రధానంగా ఊరి పన్నుదారులే. ఊరి బడ్జెట్లో పెద్ద పద్దుల్లో అదొకటి. పోలీసు మీద పర్యవేక్షణకు ఒక బోర్డు ఉంటుంది. అందువల్ల అక్కడి కౌన్సిల్ సభ్యులకు ఏటా ఒక ప్రశ్న ఎదురవుతుంది: పోలీసు ఖర్చు పెరుగుతూనే ఉంది, కానీ పోలీసులకు వచ్చే ఫోన్లలో చాలా వాటికి నేరంతో సంబంధం లేదు. మతి చలించినవాడు రోడ్డు మీద అరుస్తున్నాడనో, ముసలాయన ఇల్లు తప్పిపోయాడనో, మత్తులో ఎవరో పడి ఉన్నారనో ఫోన్లు వస్తాయి. వీటికి తుపాకీ, లాఠీ ఉన్న మనిషిని పంపి ఏం లాభం?

2018లో ఒంటారియో శాసనసభ సేఫర్ ఒంటారియో చట్టాన్ని ఆమోదించింది. దానిలో భాగంగా 2019 జనవరి 1 నుంచి కొత్త బాధ్యత అమల్లోకి వచ్చింది. ప్రతి మునిసిపల్ కౌన్సిల్ 'కమ్యూనిటీ సేఫ్టీ అండ్ వెల్‌బీయింగ్ ప్లాన్' తయారు చేసి ఆమోదించాలి. మనం దీన్ని ఊరి భద్రత, సంక్షేమ ప్రణాళిక అందాం. ఆ రాష్ట్రంలో 444 మునిసిపాలిటీలున్నాయి. చిన్న ఊళ్ళు కలిసి ఒకే ప్రణాళిక రాసుకోవచ్చు, చాలా చోట్ల అలాగే చేశారు. మొదట రెండేళ్ళు గడువిచ్చారు. కోవిడ్ రావడంతో దాన్ని 2021 జులై 1 వరకు పొడిగించారు. ఈ మధ్యలో అక్కడ ప్రభుత్వం మారింది. పోలీసు చట్టం మొత్తాన్ని తిరగరాసి, కొత్త చట్టాన్ని 2024 ఏప్రిల్ 1 నుంచి అమలు చేశారు. అయినా ప్రణాళిక నిబంధన మాత్రం పోలేదు, కొత్త చట్టంలోకి అలాగే వచ్చింది. ప్రభుత్వం మారితే పథకం పేరు, దాని మీది ఫొటో మారిపోవడం చూసి అలవాటైన మనకు ఇది కాస్త వింతగానే ఉంటుంది.

చట్టం అడిగేవి ఇవి. ఊరిలో ఏ ప్రమాద కారణాలున్నాయో గుర్తించాలి. వివక్ష, నేరం, నేరానికి బలికావడం, మత్తు, ఆత్మహత్య వంటి వాటికి దారితీసే సామాజిక కారణాలన్నీ వీటిలోకి వస్తాయి. వాటిలో ముందు దేనిని పట్టుకోవాలో తేల్చాలి. దానికి ఏం చేస్తారో రాయాలి. చేసినదాని ఫలితాన్ని కొలిచే కొలమానం కూడా పెట్టాలి. ఇదంతా మునిసిపల్ ఆఫీసులో కూర్చుని రాస్తే సరిపోదు. సలహా సంఘం వేయాలి. అందులో ఆరోగ్య సేవలు, మానసిక ఆరోగ్యం, విద్య, సామాజిక సేవలు, పిల్లల సేవలు చూసేవారు, పోలీసు బోర్డు ప్రతినిధి, పోలీసు అధిపతి లేదా ఆయన పంపినవారు, కౌన్సిల్ తరఫువారు ఉండాలి. ఇది కనీస జాబితా, ఇంకెవరినైనా చేర్చుకోవచ్చు. ప్రజలనూ అడగాలి. యువతను, జాతిపరమైన మైనారిటీలను, ఆదివాసీ సముదాయాలను అడగాలని చట్టం పేరుపెట్టి చెప్పింది. కావాలని పదేపదే ఎగ్గొట్టే మునిసిపాలిటీ ఉంటే, మంత్రి తానే ఒక వ్యక్తిని నియమించి ప్రణాళిక రాయించవచ్చు. ఆ ఖర్చు మాత్రం ఆ మునిసిపాలిటీదే.

ప్రణాళికకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన నమూనాలో ఒకదాని చుట్టూ ఒకటిగా నాలుగు వలయాలున్నాయి. దాతలకు ఈ వ్యాసంలో అన్నిటికంటే పనికొచ్చేది ఇదేనని నా ఉద్దేశం. నడుమన ఎరుపు వలయం. ప్రమాదం జరిగిపోయింది, అంబులెన్సు, పోలీసు, ఫైరింజను వెళ్ళాయి. దాని చుట్టూ పసుపు. ప్రమాదం ఇంకా జరగలేదు, కానీ రేపో ఎల్లుండో జరిగేలా ఉంది. దాని బయట నీలం. ఫలానా వీధిలో, ఫలానా వయసువాళ్ళలో ప్రమాదం పెరుగుతోందని తెలిసి ముందుగా తగ్గించే పని ఇక్కడ జరుగుతుంది. అన్నిటికంటే బయట ఆకుపచ్చ. అందులో ఇల్లు, చదువు, ఉపాధి, ఆరోగ్యం, ఇరుగుపొరుగు ఉంటాయి. లోపలి వలయంలో ఒక్కో మనిషికి అయ్యే ఖర్చు ఎక్కువ, దక్కే ఫలితం తక్కువ. బయటికి వచ్చేకొద్దీ మనిషికి అయ్యే ఖర్చు తగ్గుతుంది, కానీ ఫలితం కనబడడానికి ఏళ్ళు పడుతుంది. అందుకే ఎవరికైనా ఎరుపు వలయంలో డబ్బు పెట్టడమే తేలిక. రసీదు వెంటనే వస్తుంది, ఫొటో కూడా వస్తుంది.

పసుపు వలయం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. ఒంటారియో దీన్ని సస్కాచెవాన్ రాష్ట్రంలోని ప్రిన్స్ ఆల్బర్ట్ అనే చిన్న పట్టణం నుంచి నేర్చుకుంది. అక్కడ డేల్ మెక్‌ఫీ పోలీసు అధిపతిగా ఉన్న కాలంలో, స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరం హింసను ఎలా తగ్గిస్తోందో చూసి వచ్చి, 2011లో 'హబ్' అనే పద్ధతి మొదలుపెట్టారు. పోలీసు, బడి, ఆసుపత్రి, గృహవసతి, మానసిక ఆరోగ్యం, పిల్లల సంరక్షణ చూసేవారు వారానికి రెండుసార్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. కమిటీ మీటింగుల్లాంటి ఉపన్యాసాలు ఉండవు. "ఈ వారం ఎవరికి ప్రమాదం ముంచుకొస్తోంది? వాళ్ళ తలుపు ఎవరు తట్టాలి?" అన్నదే అజెండా. ఒంటారియోలో దీన్ని సిట్యుయేషన్ టేబుల్ అంటారు. టొరంటో నగరంలో వలస కుటుంబాలు, ముస్లిం కుటుంబాలు ఎక్కువగా ఉండే రెక్స్‌డేల్ ప్రాంతంలో 2013లో ఇలాంటిదే మొదలైంది. దాని పేరు ఫోకస్. నగర పాలక సంస్థ, టొరంటో పోలీసు, యునైటెడ్ వే అనే దాతృత్వ సంస్థ కలిసి దాన్ని నడిపాయి. ఈ బల్లలు పెట్టాలని చట్టం చెప్పలేదు. ఊళ్ళే పెట్టుకున్నాయి.

ఇక్కడ ఎవరికైనా వచ్చే అనుమానం ఒకటుంది. ఒకరి ఇంటి గుట్టు పదిమంది ముందు ఎలా పెడతారు? మన సమాజంలో పరువు సంగతి తెలిసిందే. పోలీసు కూర్చున్న గదిలో నా బిడ్డ పేరు వినబడిందంటే ఏ తల్లీ ఊరుకోదు. దానికి వాళ్ళు పెట్టుకున్నది నాలుగు జల్లెళ్ళ పద్ధతి. ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం.

పదిహేనేళ్ళ కుర్రవాడు బడి మానేశాడు. ఇంట్లో గొడవలు. రాత్రిళ్ళు పెద్దవాళ్ళతో తిరుగుతున్నాడు. చేతి మీద కోసుకున్న గాట్లున్నాయి. విషయం బడి సలహాదారు దృష్టికి వచ్చింది. మొదటి జల్లెడ బడిలోనే ఉంటుంది. మా దగ్గరున్న దారులన్నీ వాడామా, మా ఒక్కరి వల్ల కాదా అని వాళ్ళు ముందు తేల్చుకోవాలి. కాదంటేనే బల్ల దగ్గరికి తేవాలి. రెండో జల్లెడలో పేరు చెప్పరు, వీధి చెప్పరు. "ఒక టీనేజ్ అబ్బాయి, ఈ ఈ ప్రమాద సూచనలున్నాయి" అని మాత్రమే చెబుతారు. ప్రమాదం నిజంగా ముంచుకొచ్చే స్థాయిలో ఉందా, ఒకటికంటే ఎక్కువ శాఖలు కావాలా అని అందరూ కలిసి తేలుస్తారు. లేదనుకుంటే మాట అక్కడితో ఆగిపోతుంది. ఉందనుకుంటే మూడో జల్లెడ. ఇప్పుడు గుర్తింపు వివరాలు అవసరమైనంత వరకే చెబుతారు. ఈ కుటుంబంతో ఇప్పటికే పరిచయం ఎవరికుంది, ఎవరు వెళితే తలుపు తీస్తారు అని తెలుసుకోవడానికే అది. నాలుగో జల్లెడకు వచ్చేసరికి మిగతావాళ్ళు గదిలో ఉండరు. ఆ ఇంటికి వెళ్ళబోయే రెండు మూడు సంస్థలవాళ్ళే విడిగా కూర్చుని మాట్లాడుకుంటారు. ఒకటి రెండు రోజుల్లోనే వాళ్ళు ఆ ఇంటి తలుపు తట్టి, "మేం సాయం చేయడానికి వచ్చాం, మీకు ఇష్టమైతేనే" అంటారు. ఆ కుటుంబం వద్దంటే వద్దు.

కాగితం మీద ఇది చక్కగా ఉంది. విమర్శలు కూడా గట్టివే. తన గురించి బల్ల మీద మాట్లాడుతున్నారని ఆ మనిషికి చాలాసార్లు ముందుగా తెలియదు. పేర్లు తీసేసిన సమాచారాన్ని రిస్క్-డ్రివెన్ ట్రాకింగ్ డేటాబేస్‌లో నమోదు చేస్తారు. అందులో ఏముంది, ఎవరు చూస్తారు అన్న అనుమానం నల్లజాతి, వలస కుటుంబాల్లో ఉంది. బల్ల దగ్గర పోలీసు గొంతే పెద్దదైతే, సాయం పేరుతో నిఘా మొదలైందని జనం అనుకుంటారు. ఒకసారి అలా అనుకున్నాక ఏ తలుపూ తెరుచుకోదు. మైనారిటీ సముదాయాల నుంచి వచ్చిన మనకు ఈ భయం ఏమిటో ఎవరూ వివరించనక్కర్లేదు. నా అభిప్రాయంలో ఈ విమర్శ ఆ పద్ధతిని కొట్టేయడానికి చాలదు. బల్ల చుట్టూ ఎవరు కూర్చుంటారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉందని మాత్రం అది చూపిస్తుంది.

ఆ ప్రశ్న ఎంత ప్రాణాంతకమైనదో ఒంటారియోలోని లండన్ పట్టణం 2021లో చూసింది. జూన్ 6, ఆదివారం సాయంత్రం. పాకిస్తాన్ నుంచి వచ్చి స్థిరపడిన ఒక ముస్లిం కుటుంబం నడకకు బయల్దేరి రోడ్డు దాటడానికి నిలబడి ఉంది. ఒకడు పికప్ ట్రక్కును కావాలని వాళ్ళ మీదికి ఎక్కించాడు. నాయనమ్మ, తండ్రి, తల్లి, పదిహేనేళ్ళ అమ్మాయి చనిపోయారు. తొమ్మిదేళ్ళ అబ్బాయి గాయాలతో బతికాడు. వాళ్ళు ముస్లింలు కావడమే కారణం. 2023 నవంబరులో జ్యూరీ అతన్ని దోషిగా తేల్చింది. 2024 ఫిబ్రవరిలో జీవిత ఖైదు విధిస్తూ, ఇది ఉగ్రవాద చర్యేనని న్యాయమూర్తి చెప్పారు.

ఆ సంఘటనకు, ప్రణాళికల గడువైన జులై 1కి మధ్య సరిగ్గా ఇరవై అయిదు రోజులు. ఏ సిట్యుయేషన్ టేబుల్ అయినా అతన్ని ముందే పట్టుకునేదా అంటే, అలా చెప్పలేం. ఒంటరిగా గదిలో కూర్చుని ఇంటర్నెట్లో ద్వేషం నింపుకున్నవాడు ఏ శాఖ తలుపూ తట్టడు. ఇక్కడ పసుపు వలయం చాలదు, బయటి వలయాల పని కావాలి. ఆ తర్వాత లండన్ సిటీ కౌన్సిల్ ఇస్లామోఫోబియాను అడ్డుకునేందుకు ప్రత్యేక కార్యాచరణ ప్రణాళికను ఆమోదించింది. దాన్ని పట్టణంలోని ముస్లింలతో కలిసి కూర్చుని రాశారు. ద్వేషాన్ని 'శాంతిభద్రతల' ఫైలులో మాత్రమే ఉంచకుండా బడి, నగర ఉద్యోగాలు, బహిరంగ స్థలాల పనిగా కూడా చూశారు. నాలుగు ప్రాణాలు పోయాక వచ్చిన ప్రణాళిక అది. ఎరుపు వలయం నుంచి ఆకుపచ్చకు ఇంత ఖరీదు పెట్టి నడవాల్సి వచ్చింది.

అదే రాష్ట్రంలోని పీల్ ప్రాంతం వేరే దారిలో వచ్చింది. బ్రాంప్టన్, మిస్సిసాగా, కాలెడన్ కలిసినది పీల్. అక్కడ దక్షిణాసియా కుటుంబాలు చాలా ఎక్కువ. 2020లో వాళ్ళు ఆమోదించిన ప్రణాళికలో ముందుకు తెచ్చుకున్నవి మూడే: కుటుంబ హింస, మానసిక ఆరోగ్యం-వ్యసనాలు, వ్యవస్థాగత వివక్ష. అందులో కార్ల దొంగతనం లేదు, ముఠాల గొడవ లేదు. జనం ఏది వింటే భయపడతారో దాన్ని ముందుకు తేవడం ఏ నాయకుడికైనా తేలిక. నాలుగు గోడల మధ్య జరిగేదాన్ని ముందుకు తేవడం కష్టం, ఎందుకంటే దానికి ఓటు రాదు. దక్షిణాసియా ఇళ్ళలో కుటుంబ హింస గురించి బయట మాట్లాడకూడదన్న కట్టు ఎంత బలంగా ఉంటుందో మనకు తెలుసు. ఆ మాటను అధికార పత్రంలో మొదటి పద్దుగా రాయడమే ఒక పని.

టొరంటో 2021 జులైలో 'సేఫ్‌టీఓ' పేరుతో పదేళ్ళ ప్రణాళిక ఆమోదించింది. అందులోంచి వచ్చిన ఒక్క సేవ గురించి చెప్పి ఆగుతాను. మానసికంగా కుప్పకూలిన మనిషి కోసం ఫోన్ చేస్తే, పోలీసుకు బదులు శిక్షణ పొందిన సంక్షోభ కార్యకర్తలు వస్తారు. 2022లో నగరంలోని నాలుగు ప్రాంతాల్లో ప్రయోగంగా మొదలై, 2024లో నగరమంతటికీ విస్తరించింది. రాత్రింబవళ్ళు పనిచేస్తుంది. గమనించాల్సింది ఏమిటంటే, ఆ నాలుగు ప్రాంతాల్లో దాన్ని నడిపింది నగర ఉద్యోగులు కాదు. స్థానిక సేవాసంస్థలు. అందులో ఒకటి నల్లజాతి ఆరోగ్య కేంద్రం, ఒకటి ఆదివాసీ సంస్థ. నగరం డబ్బు ఇచ్చింది, ఫోన్ నంబరు ఇచ్చింది. తలుపు తట్టే పని జనం నమ్మే సంస్థలకు వదిలింది.

ఇక ఈ పనికి నాయకత్వం వహించేది ఎవరు? ప్రభుత్వ నమూనా ఇద్దరిని చెబుతుంది. మేయర్ లాంటి పేరున్న వ్యక్తి ఒకరు ముందు నిలబడాలి. పిలిస్తే అందరూ రావడం ఆయన పని. రెండోది సమన్వయకర్త. అసలు మోత ఇతనిదే. ఇతనికి పోలీసు అధిపతి మీద అధికారం లేదు, ఆసుపత్రి మీద లేదు, స్కూలు బోర్డు మీద లేదు. ఒక్కరినీ ఆదేశించలేడు. ఇతని చేతిలో ఉన్నవి రెండే: సమాచారం, కుర్చీలు. ఎవరి దగ్గర ఏ లెక్కలున్నాయో తెప్పించి పక్కపక్కన పెట్టాలి. బడి మానేసిన పిల్లల లెక్క, అంబులెన్సు వెళ్ళిన చిరునామాల లెక్క, ఇల్లు ఖాళీ చేయించిన కేసుల లెక్క ఒకే పటం మీద పెడితే, నాలుగు శాఖలూ ఆ రెండు వీధుల కోసమే విడివిడిగా ఖర్చుపెడుతున్నాయని బయటపడవచ్చు. అప్పుడు ఆదేశం అక్కర్లేదు, సిగ్గే పని చేస్తుంది.

కొలమానం దగ్గరే చాలా ప్రణాళికలు బలహీనపడతాయి. 'ఇన్ని శిక్షణలు ఇచ్చాం, ఇన్ని సమావేశాలు పెట్టాం' అని రాయడం సులువు. చేసిన పనిని లెక్కపెట్టడం వేరు, దాని వల్ల ఏం మారిందో కొలవడం వేరు. కౌన్సెలింగ్ ఎన్ని గంటలు జరిగింది అన్నది మొదటిది. అదే ఇంటి నుంచి ఆరు నెలల్లో మళ్ళీ ఫోన్ వచ్చిందా లేదా అన్నది రెండోది. మన సేవాసంస్థల నివేదికలు కూడా ఎక్కువగా మొదటిదే చెబుతాయని ఒప్పుకోవాలి. ఇన్ని దుప్పట్లు, ఇన్ని రేషన్ కిట్లు. ఆ కిట్టు తీసుకున్న ఇల్లు మరుసటి ఏడు మళ్ళీ వరుసలో నిలబడిందా అని రాసిన నివేదిక నేను చూడలేదు.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. ప్రణాళిక రాయడం తప్పనిసరి చేశారు కానీ దాని అమలుకు స్థిరమైన నిధులు ఇవ్వలేదన్నది ఒంటారియో మునిసిపాలిటీల పాత ఫిర్యాదు. చిన్న ఊళ్ళలో ఒకే ఉద్యోగి మిగతా పనుల మధ్య దీన్ని కూడా చూసుకోవాల్సి వస్తుంది. అలాంటి చోట ప్రణాళిక పుస్తకం అల్మరాలోకి వెళ్ళే ప్రమాదం ఎక్కువ.

మన దగ్గర ఇలాంటి చట్టం లేదు. కానీ కూర్చునే చోట్లు ఉన్నాయి. 2019 తెలంగాణ మునిసిపాలిటీల చట్టం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు వేయాలంది: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు. ఒక్కో దానిలో పదిహేను మంది. రెండు తెలుగు రాష్ట్రాల గ్రామ పంచాయతీల్లోనూ ఏటా గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక రాస్తారు. దాని తొమ్మిది ఇతివృత్తాల్లో ఆరోగ్యం, పిల్లలు, మహిళలు, సామాజిక భద్రత విడివిడిగా ఉన్నాయి. రోడ్డు, డ్రైనేజీ పద్దులు నిండుగా రాసి, ఈ పద్దుల దగ్గర రెండు లైన్లతో సరిపెట్టడం సాధారణం. అడిగేవాళ్ళు లేకపోవడం దానికి ఒక కారణం. ఒక పట్టణంలో వార్డు కమిటీ సభ్యుల జాబితా చూపించమని అడిగితే, అలాంటిది ఉందా అని గుమాస్తా నన్నే ఎదురడిగాడు. వెతికితే ఫైలు దొరికింది. అందులో మా బస్తీ నుంచి ఇద్దరి పేర్లున్నాయి. ఆ సంగతి వాళ్ళిద్దరికీ తెలియదు.

మీ వార్డు జాబితాలో ఎవరున్నారో కనుక్కోవడానికి ఒక దరఖాస్తు చాలు. మునిసిపల్ బడ్జెట్ కొత్త ఆర్థిక సంవత్సరానికి ముందే ఖరారవుతుంది కాబట్టి, ఏప్రిల్లో అడిగితే ఆ ఏటికి ఆలస్యమైనట్టే. డిసెంబరు, జనవరి నెలల్లో అడగాలి.